ఐదో తరగతి దాటిన పిల్లలు ఆగిపోకూడదు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. ఈ సంతోష సమయంలో మన బడికి రావలసి ఉండి, రాలేకపోతున్న పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

పల్లెలో ప్రాథమిక పాఠశాల దాదాపు ఇంటికి దగ్గరలోనే ఉంటుంది. ఐదో తరగతి అయ్యాకే అసలు చిక్కు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. కాగితం మీద మూడు కిలోమీటర్లు చిన్న దూరమే. మధ్యలో వాగు ఉండి, సాయంత్రం బస్సు లేకపోతే, పదకొండేళ్ల ఆడపిల్లను పంపడానికి ఏ తల్లయినా వెనకాడుతుంది. ఆ పిల్ల మొదట వానాకాలంలో మానేస్తుంది, తరువాత పత్తి తీతకు పోతుంది. చివరికి హాజరుపట్టీలో పేరే మిగులుతుంది.

బడి దగ్గరుంటే చాలా అంటే, అదీ చాలదు. ఆరు నుంచి ఎనిమిది వరకు గణితం-సైన్సుకు, సాంఘికశాస్త్రానికి, భాషలకు కనీసం ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఉండాలని ఆ చట్టమే చెప్పింది. మూడు తరగతులకూ ఒకరిద్దరు మాస్టార్లే ఉన్నచోట వారిని తప్పుపట్టలేం. కానీ బీజగణితం మొదలయ్యేది ఈ మూడేళ్లలోనే. ఇక్కడ పునాది కుంగితే పదో తరగతిలో ఎన్ని స్పెషల్ క్లాసులు పెట్టినా గోడ నిలవదు.

1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులం, 2004లో వచ్చిన కస్తూర్బా బాలికా విద్యాలయాల పథకం పేద పిల్లలకు గొప్ప మేలు చేశాయి. అయితే గురుకులాల్లో సీట్లు పరిమితం. సీటు రాని పిల్లలకు ఊరి బడే దిక్కు.

స్వర్ణోత్సవ నిధితో బడి ముందు స్వాగత తోరణం కట్టాలన్న ఆలోచన వచ్చింది. మంచిదే, కాదనను. కానీ ముందు ఆ తోరణం కింద నడిచే పిల్లలుండాలి కదా! అందుకే సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను.

మొదటిది, చుట్టుపక్కల ఊళ్లలో ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లల జాబితా వేసవి సెలవుల్లోనే తయారుచేసి, ఇంటింటికీ వెళ్లి ఆరులో చేర్పించాలి. దూరం ఊళ్ల పిల్లలకు ఆటో ఖర్చు సంఘం భరించాలి.

రెండోది, ఖాళీ ఉన్న సబ్జెక్టుకు, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, గౌరవ వేతనం ఇచ్చి ఒక విద్యా వాలంటీరును పెట్టాలి. రిటైరైన మన మిత్రులు వారానికి రెండు పీరియడ్లు చెప్పినా మేలే.

మూడోది, ఎనిమిదో తరగతి పిల్లలను ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్షకు తయారుచేయాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. పేదింట్లో చదువు మాన్పించాలన్న మాట వచ్చినప్పుడు ఆ డబ్బే అడ్డం నిలుస్తుంది.

మనలో చాలామంది ఇంట్లో తొలిసారి పదో తరగతి దాటినవాళ్లం. ఆ దారి మన వెనక మూసుకుపోకుండా చూడడమే గురువులకు మనమిచ్చే దక్షిణ. ఈ మూడు పనులనూ ఈ రోజే తీర్మానంగా ఆమోదించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.