లెక్కను దాచని విద్యార్థిని



పట్టభద్రులైన పిదప విశ్వవిద్యాలయంలో సాగే భౌతిక, ఖగోళ శాస్త్రాధ్యయనం అంటే జవాబు తెలియని ప్రశ్నతో ఏళ్ల తరబడి కాపురం చేయడమే. సిసీలియా పేన్ జీవితం ఇందుకు తార్కాణం.

ఆమె కేంబ్రిడ్జిలో చదివిన రోజుల్లో అక్కడ స్త్రీలకు పట్టాలు ఇచ్చేవారు కారు. 1923లో అమెరికాలోని హార్వర్డ్ వేధశాలకు చేరారు. గాజు పలకలపై నిక్షిప్తమైన నక్షత్ర వర్ణపటాలకు, మన దేశీయుడైన మేఘనాద్ సాహా 1920లో ప్రకటించిన అయనీకరణ సిద్ధాంతాన్ని అన్వయించారు. నక్షత్రాలలో అత్యధిక భాగం హైడ్రోజన్, తరువాతిది హీలియం అని లెక్క తేలింది.

భూమిలోని మూలకాల పాళ్లే ఇంచుమించు సూర్యునిలోనూ ఉన్నవని నాటి పండితుల విశ్వాసం. ఆమె ఫలితం అసంభవమని ప్రిన్స్‌టన్ ఆచార్యులు హెన్రీ నోరిస్ రసెల్ అన్నారు. 1925 నాటి సిద్ధాంత గ్రంథంలో, అది దాదాపు నిశ్చయంగా యథార్థం కాదని ఆమే వ్రాసుకొనవలసి వచ్చింది. అయినా లెక్కను చెరిపివేయలేదు. 1929లో రసెల్ వేరొక మార్గాన అదే నిర్ణయానికి వచ్చి, ఆమె కృషిని పేర్కొన్నారు. 1956లో ఆమె హార్వర్డ్‌లో ఆచార్య పదవిని పొందారు.

తల్లిదండ్రులారా! బిడ్డలు పెద్దల మాటను గౌరవించవలసినదే. తాము సరిచూచుకొన్న లెక్కను మాత్రం దాచుకొనరాదు. మాతృభాషలో జంకు లేక ప్రశ్నించనిచ్చే బడిలో ఆ ధైర్యానికి బీజం పడుతుంది.