మనోళ్లెవరన్నా ఉన్నరా?

ఈ రోజు ఇంజనీరింగ్ పట్టాలు అందుకుంటున్న మీకు అభినందనలు. పొలం పని, కూలి పని ఒకరోజు మానుకుని వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు అంతకంటే ఎక్కువ అభినందనలు. మర్యాదలు ఇక్కడితో చాలు, అసలు మాటకు వస్తాను.

ఎక్కడైనా ఘోరం జరిగిందని తెలియగానే మన పాలమూరు ఇళ్లలో మొదట వినిపించే మాట ఒకటుంది. "మనోళ్లెవరన్నా ఉన్నరా?" లేరని తెలిస్తే గుండె మీద చెయ్యి వేసుకుని "హమ్మయ్య" అంటాం. ఆ మాటలో తప్పు లేదు, అది ప్రేమలోంచి వచ్చినదే. కానీ ముప్పై ఏడేళ్లు ఇరిగేషన్ శాఖలో కాలువల వెంట, కట్టల వెంట తిరిగిన నాకు ఆ "హమ్మయ్య" తర్వాత మనం ఏం చేస్తామన్నదే పెద్ద బెంగగా మిగిలిపోయింది.

మాది పాన్‌గల్ దగ్గర ఒక పల్లె. మా నాయన పాలమూరు లేబర్. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, మా ఊరి మనుషులతో కలిసి కర్ణాటకలో ఒక కాలువ తవ్వడానికి పోయాడు. నాకప్పుడు పదకొండేళ్లు. ఒకరోజు అక్కడి నుంచి తిరిగొచ్చిన మనిషి ఒక కబురు తెచ్చాడు. గట్టు విరిగి ముగ్గురు పోయారని. ఎవరన్నది అతనికి తెలియదు. పని చోటి మస్టర్‌లో మేస్త్రీ పేరు, దాని పక్కన మనుషుల లెక్క ఉందట గాని, ఆ మనుషుల పేర్లు లేవు. ఆ రాత్రి మా ఊళ్లో ముగ్గురి కోసం ముప్పై ఇండ్లు ఏడ్చాయి.

నాలుగో రోజు మా నాయన నడుచుకుంటూ వచ్చాడు. మా అమ్మ ముఖంలో వెలుగు నిలిచింది నిమిషమే. పక్కింటి ఆయన రాలేదు. ఆ ఇంట్లోంచి ఏడుపు వినగానే అమ్మ మా నాయన కోసం వండిన బువ్వను కుండతో సహా దించి ఆ ఇంటికి తీసుకుపోయింది. చావింట పొయ్యి వెలగదు కదా. నాయన తరువాత చెప్పాడు, ఆ ముగ్గురినీ సాగనంపడానికి తెల్లబట్ట తెచ్చింది, మిగిలిన వాళ్లకు జొన్నరొట్టెలు పెట్టింది అక్కడి ఒక కన్నడ ముసలవ్వ అని. ఆమె మాట వీళ్లకు రాదు, వీళ్ల మాట ఆమెకు రాదు. ఆమె పేరు అడగలేదే అని నాయన చచ్చిపోయేదాకా నొచ్చుకునేవాడు.

సంతాపం, సానుభూతి అన్నవి కాగితం మీది మాటలు. మన ఊళ్లలో దానికి "పలకరించి రావడం" అంటారు. పలకరించాలంటే పోవాలి. వాకిట్లో కూర్చోవాలి. ఏం మాట్లాడాలో తెలియకపోయినా కాసేపు కూర్చోవాలి. ఫోన్‌లో కొవ్వొత్తి బొమ్మ పెడితే అది పలకరింపు కాదు, బిడ్డలారా. అది ఇరవై నాలుగు గంటలకు దానంతటదే ఆరిపోతుంది. మీ మీద కోపంతో అనడం లేదు, మీరు ఇంతకంటే ఎక్కువ చేయగలరని తెలిసి అంటున్నాను.

ఇక్కడికి దగ్గరలోనే, కొత్తకోట మండలం పాలెం వద్ద 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది పోయారు. వాళ్లలో దీపావళికి ఇల్లు చేరాలని బయల్దేరిన వాళ్లున్నారు. ఆ పొద్దున నాకొచ్చిన మొదటి ఫోన్‌లో "మనోళ్లెవరూ లేరంట సార్" అన్నారు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. తీరా ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కన్నతల్లికే తెలియని చోట మనోళ్లు, మందోళ్లు అని ఎలా విడదీశామా అని నా మీద నాకే సిగ్గేసింది.

దుఃఖంలో ఉన్నవాళ్లకు ఏం కావాలో మనకే తెలుసనుకోవడం మరో తప్పు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, కృష్ణ కలిసి విరుచుకుపడ్డాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఇటు అలంపూర్, రాజోలి మునిగాయి, అటు కర్నూలు మునిగింది. నాకు రాజోలిలో డ్యూటీ పడింది. అది నేతన్నల ఊరు. ఎక్కడెక్కడి వాళ్లో ప్రేమగా పాతబట్టల మూటలు పంపారు. ఒక పెద్దాయన నన్ను ఇంట్లోకి తీసుకుపోయి మగ్గం గుంట చూపించాడు. అంచుదాకా బురద. పైన సగం నేసిన చీర, రంగు దిగిపోయి, పాములా చుట్టుకుని ఉంది. "మేం బట్టలు నేసెటోళ్లం సార్. మాకు బట్టలొద్దు. ఈ బురద ఎత్తిపోసే నలుగురు మనుషులను పంపుండ్రి" అన్నాడు. మరునాడు మా లస్కర్లతో నేనూ తట్ట పట్టుకుని ఆ గుంటలోకి దిగాను. ఇచ్చే ముందు అడగాలని నేను నేర్చుకున్నది ఆ బురదలోనే.

ఇక శ్రీశైలం ఎడమగట్టు కాలువ, అదే ఎస్‌ఎల్‌బీసీ, సొరంగం సంగతి. మీలో కొందరు ఈ సొరంగం గురించి ప్రాజెక్టు రిపోర్టు రాసే ఉంటారు. శ్రీశైలం జలాశయం నీళ్లను ఫ్లోరైడ్ పీడించిన నల్లగొండకు తీసుకుపోవాల్సిన, దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం. 2025 ఫిబ్రవరి 22న మన పక్క జిల్లా నాగర్‌కర్నూల్‌లో, దోమలపెంట వైపు నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీళ్లు, బురద, రాళ్లు సొరంగం తవ్వే యంత్రం టీబీఎంను కప్పేశాయి. ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఇద్దరు ఇంజనీర్లు, ఇద్దరు ఆపరేటర్లు, నలుగురు కూలీలు. ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్, పంజాబ్, జార్ఖండ్ వాళ్లు. తెలంగాణ వాళ్లు ఒక్కరూ లేరు. ఈసారి కూడా ఎన్నో ఇళ్లలో "మనోళ్లు లేరంట" అనే అనుకున్నారు.

వాళ్లెవరో ఒక్కసారి ఆలోచించండి. జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా నుంచి వచ్చిన ఆ నలుగురు ఆ గడ్డ మీది పాలమూరు లేబర్. మా నాయన ఎవరి పొలానికో నీళ్లు పారడానికి కన్నడ నేలను తవ్వాడు. వాళ్లు మన పొలాలకు నీళ్లు పారడానికి మన కొండను తవ్వారు.

రిటైరైనా ఉండబట్టలేక ఆ రోజుల్లో నేను దోమలపెంట పోయాను. సైన్యం, నౌకాదళం, ఎన్డీఆర్‌ఎఫ్, సింగరేణి రెస్క్యూ మనుషులు, 2023లో ఉత్తరాఖండ్ సిల్క్యారాలో 41 మందిని బయటికి తెచ్చిన ర్యాట్ మైనర్లు, కేరళ పోలీసుల శునకాలు... దేశమంతా ఆ గుహ వాకిట్లో నిలబడింది. వేరే షిఫ్టులో పనిచేసే జార్ఖండ్ కుర్రాడొకడు బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. లోపల ఏం జరిగిందో వాళ్లకు ఎలా చెప్పాలో వాడికి తెలియడం లేదు. నేను పక్కన కూర్చుని, జేబులోని కాగితం తీసి గీశాను. ఇది సొరంగం, ఇది మెషీన్, ఇక్కడ సెగ్మెంట్లు, ఇక్కడ పైన మట్టి వదులుగా ఉంది, నీళ్లు ఇక్కడి నుంచి దిగాయి, ఎనిమిది మంది ఈ చివర ఉన్నారు. ఆశ పెట్టలేదు, భయపెట్టనూ లేదు. వాడు ఆ కాగితాన్ని ఫొటో తీసి ఊరికి పంపాడు. నా ఉద్యోగంలో ఎన్నో డ్రాయింగుల మీద సంతకం పెట్టాను. అన్నిటికంటే పనికొచ్చింది ఆ కాగితం ముక్కే.

లేవబోతుంటే వాడు అడిగాడు, "ఆప్‌కా కోయీ అందర్ హై క్యా?" మీవాళ్లెవరైనా లోపల ఉన్నారా అని. లేరన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా అమ్మ దించిన బువ్వకుండ గుర్తొచ్చింది. "ఉన్నారు. ఎనిమిది మంది" అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మార్చి 9న ఒకరి దేహం, 25న మరొకరి దేహం దొరికాయి. పంజాబ్‌కు ఒకరు, ఉత్తరప్రదేశ్‌కు ఒకరు చేరారు. ఆరుగురు ఆ కొండలోనే ఉండిపోయారు. రేపు ఆ సొరంగంలో నీళ్లు పారిన రోజున వాళ్ల పేర్లు పలకకుండా కొబ్బరికాయ కొట్టకండి.

సొరంగం కూలిన సరిగ్గా రెండు నెలలకు, ఏప్రిల్ 22న, కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. పర్యాటకులను కాపాడబోయిన గుర్రం నడిపే స్థానికుడూ ఆ 26 మందిలో ఉన్నాడు. ఆ శుక్రవారం హైదరాబాద్‌లో ముస్లింలు చేతికి నల్లబట్ట కట్టుకుని నమాజు చేశారు. అదే వారం కొన్ని నగరాల్లో కశ్మీరీ విద్యార్థులు బెదిరింపులకు గురయ్యారు. చంపినవాడి పాపాన్ని మీ హాస్టల్ గదిలో పక్క మంచం మీద పడుకున్నవాడి తలకు చుట్టకండి. అలాంటి మెసేజ్ వస్తే దాన్ని మీ దగ్గరే ఆపండి. చదువుకున్న చెయ్యికి ఆ మాత్రం బరువుండాలి. ఐక్యత అంటే అందరూ కలిసి కేకలు వేయడం కాదు. భయపడుతున్నవాడి పక్కన పోయి కూర్చోవడం.

చివరగా మీకు కొన్ని పనులు అప్పగిస్తున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మస్టర్ తెరవండి. మేస్త్రీ పేరు, లెక్క మాత్రమే ఉంటే ఊరుకోకండి. ప్రతి మనిషి పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబరు రాయించండి. నీళ్లు ఎక్కువ ఊరుతున్నాయని కూలీ చెబితే, వాడికేం తెలుసనకండి, పని ఆపి చూడండి. ఘోరం జరిగిన రోజు అందరూ వస్తారు. మీరు పదకొండో రోజు తర్వాత పోండి. అప్పటికి కుర్చీలు ఖాళీగా ఉంటాయి. పోయి, ఏం కావాలని అడగండి.

ఇక ఆ పాత ప్రశ్న. దాన్ని మానుకోమని నేను చెప్పను. "మనోళ్లెవరన్నా ఉన్నరా" అని అడుగుతూనే ఉండండి. ఎవరైనా మిమ్మల్ని అడిగితే మాత్రం, లేరనే ముందు ఒక్క క్షణం ఆగండి.

పోయి రండి బిడ్డలారా. చల్లగా ఉండండి.