కంప్యూటర్ ముందు కూర్చునే హక్కు
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహిళల హక్కుల గురించి మాట్లాడుకునే చోట ప్రవేశ పరీక్షల ప్రస్తావన ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆడపిల్లను బడిలో చేర్పించడం, మధ్యలో మానకుండా చూడటం, బాల్యవివాహాలు ఆపడం మన పనులేనని మనం ఎప్పుడో గుర్తించాం. కానీ అన్నీ దాటుకుని ఇంటర్ దాకా వచ్చిన అమ్మాయి ఆ తర్వాత ఎక్కడ ఆగిపోతోందో అంతగా పట్టించుకోలేదు. అలా ఆగిపోతున్న చోట్లలో కంప్యూటర్ పరీక్ష ఒకటి.

ఎంసెట్ ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి, తెలంగాణలో 2018 నుంచి కంప్యూటర్ మీద జరుగుతోంది. ఇప్పుడు రెండుచోట్లా దాని పేరు ఈఏపీసెట్. బీటెక్ కోసం రాసే జేఈఈ మెయిన్ కూడా 2019లో పూర్తిగా కంప్యూటర్‌కు మారింది. అందరికీ ఒకే తెర, ఒకే సమయం కనుక ఇందులో వివక్షకు తావు లేదని అంటారు. ఆ గదిలోకి రాకముందు ఎవరి చేతికి ఎన్ని గంటలు మౌస్ దొరికిందో మాత్రం ఎవరూ అడగరు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని 15-49 ఏళ్ల వారిని అడిగారు. వాడామన్న పురుషులు ఆంధ్రప్రదేశ్‌లో 48.8 శాతం, స్త్రీలు 21 శాతం. తెలంగాణలో పురుషులు 57.4 శాతం, స్త్రీలు 26.5 శాతం. ఆ తర్వాత ఇళ్లలోకి ఫోన్లు వచ్చాయి నిజమే. కానీ ఫోన్ మీద వేలు జరపడం వచ్చినంత మాత్రాన మౌస్ పట్టడం వచ్చినట్టు కాదు. ఆ ఫోనైనా ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలుసు.

పాలమూరు వైపు ఒక ఊళ్లో పరీక్ష రాసి వచ్చిన అమ్మాయితో మాట్లాడాను. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. కాగితం మీద లెక్క సరిగ్గానే చేసింది, సరైన జవాబునే ఎంచుకుంది. కానీ 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కకుండా పక్కనున్న అంకెల మీద నొక్కి తర్వాతి ప్రశ్నకు వెళ్లింది. అలా వెళితే జవాబు నమోదు కాదు. గళ్లు ఆకుపచ్చగా మారడం లేదని గమనించేసరికి అరగంట గడిచింది. 160 ప్రశ్నలకు 180 నిమిషాలు ఇచ్చే పరీక్షలో అరగంట అంటే పాతిక ప్రశ్నల పైమాటే.

వాళ్ల అన్న చదువు మానేశాడు. అయినా మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కు వెళ్లి వస్తుంటాడు. చదివే పిల్లను మాత్రం పంపలేదు. ఎందుకని అడిగితే తల్లి, "ఆడివిల్ల ఒక్కతే ఆడ గంటలకొద్ది కూసుంటే నలుగురు ఏమంటరు మేడమ్?" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రేపు ఏదైనా జరిగితే నలుగురూ నిలదీసేది ఆ తల్లినే.

ఇది మన పిల్లల తెలివికి సంబంధించిన సమస్య కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2015, 2016 సంవత్సరాల బడి పరీక్షలను బెన్ బాకెస్, జేమ్స్ కోవన్ అనే పరిశోధకులు పరిశీలించారు. అదే పరీక్షను కాగితం మీద రాసిన వారికన్నా కంప్యూటర్ మీద రాసిన వారికి మార్కులు తగ్గాయి. ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు భాషా పరీక్షలో మరింత నష్టపోయారు. రెండో ఏడాదికి ఆ తేడా తగ్గింది. అంటే అలవాటైనకొద్దీ పోయే నష్టమిది. ఆ అలవాటు పడే అవకాశం మన ఆడపిల్లలకు ఎవరిస్తారన్నదే ప్రశ్న.

నమూనా పరీక్షలను ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగానే పెడుతున్నారు. అయితే వాటిని రాయడానికి కంప్యూటర్ కావాలి. ఇక్కడే మన పని మొదలవుతుంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో, గురుకులాల్లో ఉన్న కంప్యూటర్ గదుల తాళాలు తీయించాలి. వారానికి రెండు పూటలు ఆడపిల్లలకు కేటాయించమని ప్రిన్సిపాళ్లను అడగాలి, వినకపోతే పదిమందిమీ కలిసి వెళ్లాలి. అధ్యాపకులు సిలబస్‌తో పాటు సూచనల పేజీని కూడా తరగతిలో చదివించాలి. ఏ రంగు గడికి ఏమి అర్థమో, జవాబు మార్చుకోవడం ఎలాగో పిల్లలు చేత్తో చేసి చూడాలి. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు, జేఈఈలో కోస్తారు. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులోనూ రాయవచ్చు, కానీ ఆ సంగతి దరఖాస్తులోనే చెప్పాలి. చేతికి గోరింటాకు ఉంటే వేలిముద్ర పడకపోవచ్చు. ఇంట్లో పెళ్లి ఉన్న పిల్లకు ఇది ముందే తెలియాలి.

తల్లుల దగ్గరకు కూడా వెళ్లాలి. పిల్లను పంపమని చెప్పి వచ్చేస్తే సరిపోదు. తల్లులనే ఒకరోజు ఆ గదిలోకి తీసుకెళ్లి, బిడ్డ ఏం చేస్తోందో చూపించాలి. నలుగురైదుగురు ఆడపిల్లలు కలిసి వెళ్లి వచ్చేలా, వెంట మనలో ఒకరు ఉండేలా చూస్తే నలుగురి మాటకు భయపడే తల్లికి కాస్త ధైర్యం వస్తుంది.

ఆ అమ్మాయి మళ్లీ రాస్తానంటోంది. ఈసారి పరీక్ష గదిలోకి వెళ్లేలోపు ఆమె చేత కనీసం పది నమూనా పరీక్షలు రాయించగలమా? మీ మీ మండలాల్లో ఇలాంటి అమ్మాయిలు ఎందరున్నారో లెక్క తీసి, వచ్చే సమావేశానికి ఆ వివరాలతో రమ్మని కోరుతున్నాను.