మదామ్ దుబారీ - జమోర్



ఫ్రాన్సు రాజైన పదునైదవ లూయీ కడపటి ప్రేయసి మదామ్ దుబారీ. 1743లో పేదయింట జన్మించిన ఈమె 1769లో వెర్సాయి ఆస్థానమున అడుగిడెను. రాజానుగ్రహముచే లూవెసియెన్ సౌధమును, అమూల్యాభరణములును ఆమె కబ్బెను.

ఆమె పరిచారకులలో జమోర్ ఒకడు. వంగదేశపు చిట్టగాంగు నుండి బాల్యముననే బానిసగా కొనిపోబడినవాడు. ఆమె అతనికి పట్టుబట్టలు కట్టించెను, చదువు చెప్పించెను. ఐనను ఆ కొలువున అతడొక ఆటబొమ్మయే. పెరిగి పెద్దవాడై రూసో గ్రంథములు చదివిన జమోరుకు ఆ లాలనలోని అవమానము తెలిసివచ్చెను.

1774లో రాజు మశూచికముచే మరణించెను. ఆమె ఆస్థానవైభవము అంతరించెను. 1789లో విప్లవము చెలరేగగా జమోర్ విప్లవకారులతో చేరెను. 1791లో దొంగిలింపబడిన నగలకై ఆమె పలుమారులు లండను వెళ్లుట రాజపక్షీయులకు తోడ్పాటుగా, ప్రజాద్రోహముగా ఎంచబడెను. విచారణలో జమోర్ ఆమెకు ప్రతికూలముగా సాక్ష్యమిచ్చెను. 1793 డిసెంబరు 8న ఆమె శిరస్సు ఖండింపబడెను. జమోరును సుఖపడలేదు, 1820లో పారిసు నగరమున దరిద్రుడై మరణించెను.

దుబారీ కఠినురాలు కాదు. రాజునకు తాను వినోదవస్తువైనట్లే, ఆమెకు ఆ బాలుడు వినోదవస్తువయ్యెను. పెట్టినచేయి ఉపకారమును లెక్కించును. పుచ్చుకొన్నవాడు గౌరవమును లెక్కించును. ఆ రెండు లెక్కలును కుదరనిచోట కృతజ్ఞత నిలువదు.