వేదిక దిగిన తర్వాత

(పాటల బృందంగా ఏర్పడిన మహిళా కళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీరు ఎనిమిది మంది కలిసి సొంతంగా పాటల బృందం కట్టుకున్నారని, శ్రీరామనవమి పందిళ్ళలో వరసగా పది ఊళ్ళు తిరగబోతున్నారని తెలిసి సంతోషించాను. బయల్దేరే ముందు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నాకు పాట రాదు. శ్రుతి గురించి, తాళం గురించి మీకు చెప్పగలిగిందేమీ నా దగ్గర లేదు. కానీ 2011లో నా పరిశోధన కోసం ఒక ఆర్కెస్ట్రా పార్టీ వెంట కోనసీమ ఊళ్ళలో తొమ్మిది రోజులు తిరిగాను. అక్కడ చూసినవి, అక్కడ నేను చెయ్యాల్సి ఉండీ చెయ్యకుండా ఊరుకున్న పని ఒకటి మీతో చెప్పుకుంటాను.

స్త్రీ పాడటం గురించి మన సమాజానికి పెద్ద అభ్యంతరం లేదు. జోలపాట, మంగళహారతి, పెళ్ళిపాట మనల్నే పాడమంటారు. అదే పాట పాడుతూ ఊళ్ళు తిరిగితే, డబ్బు తీసుకుంటే అభ్యంతరం మొదలవుతుంది. 'ఊళ్ళు పట్టుకు తిరిగేది' అన్న మాట తిట్టు ఎందుకైందో ఆలోచించండి. మగ కళాకారుడు ఊళ్ళు తిరిగితే దాన్ని పేరు సంపాదించుకోవడం అంటారు.

అయినా తిరిగిన స్త్రీలు మనకు ముందే ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారు మొదలుపెట్టిన నాటక సమాజాన్నే చూడండి. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే కాలంలో అక్కడ స్త్రీ పాత్రలు స్త్రీలే వేశారు. వాళ్ళు తిరగగలిగారంటే కుటుంబం మొత్తం తిరిగింది కాబట్టి. అయితే కుటుంబంతోపాటు పొయ్యి, పిల్లల పెంపకం కూడా వెంట వచ్చాయి. ప్రజానాట్యమండలి కాలంలో మోటూరి ఉదయం గారు స్త్రీల బుర్రకథ దళంతో ఊరూరా కథ చెప్పారు. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు పాటలు పాడారు, నాటకాల్లో వేషాలు వేశారు. 2012లో వచ్చిన ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' మీలో చదవనివాళ్ళుంటే తప్పకుండా చదవండి. వీళ్ళ వెనక ఒక సంస్థ ఉంది. మీ వెనక అలాంటి కుటుంబమూ లేదు, సంస్థా లేదు. ఆ రెండూ ఇచ్చిన రక్షణను మీరు ఒకరితో ఒకరు చేసుకునే ఒప్పందాలతో సంపాదించుకోవాలి.

నేను వెళ్ళిన పార్టీలో యజమానితో కలిపి తొమ్మిది మంది. ముగ్గురు స్త్రీలు. ఇద్దరు గాయనులు, ఒకమ్మాయి డాన్సరు. ప్రోగ్రాం మూడు, మూడున్నర గంటలు. మిగతా ఇరవై గంటలూ ఎలా గడుస్తాయో పందిట్లో కూర్చున్నవాళ్ళకు తెలియదు. మగవాళ్ళు బడి వరండాలో పడుకునేవాళ్ళు. ముగ్గురు స్త్రీలూ వ్యాన్‌లో, స్పీకర్ బాక్సుల మధ్య, కాళ్ళు ముడుచుకొని పడుకునేవాళ్ళు. ఏప్రిల్ ఎండల్లో కూడా వాళ్ళు మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు. గొంతుకు నీళ్ళు కావాలని వాళ్ళకు తెలియక కాదు. పందిరి దగ్గర మరుగుదొడ్డి ఉండదు. ఆ పెద్దామెకు తరచుగా మూత్రంలో మంట, జ్వరం వచ్చేవి. ఆమె దాన్ని జబ్బు అనేది కాదు, 'సీజను' అనేది. ఒక ఊళ్ళో భోజనానికి పిలిచి, ముందు 'మీరేవిట్లు?' అని అడిగారు. జవాబు విన్నాక డాన్సరు అమ్మాయికి విస్తరి అరుగు మీద వేశారు. అరగంట క్రితం ఆమెకు ఈలలు వేసినవాళ్ళే.

నాలుగో రాత్రి జరిగింది చెబుతాను. ప్రోగ్రాం అయ్యేసరికి ఒంటిగంట. కమిటీ పెద్ద ఒకాయన చిన్న గాయనిని తన ఇంటికి భోజనానికి రమ్మన్నాడు. ఆమెను ఒక్కదాన్నే. మిగతా డబ్బు కూడా అక్కడే ఇస్తానన్నాడు. యజమాని తలవంచుకొని, "వెళ్ళిరా అమ్మా, వచ్చే ఏడు కూడా ఈ ఊరు మనకి కావాలి కదా" అన్నాడు. అందరం విన్నాం. అప్పుడు పెద్దామె వ్యాన్ తలుపు తీసి, "భోజనం అయితే తొమ్మిది మందికీ పెట్టండి. లేదంటే ఆకలితోనే పోతాం. ఎక్కండి అందరూ" అంది. ఎక్కాం. మిగతా డబ్బు రాలేదు. యజమాని దాన్ని ఆ ఇద్దరి కూలిలోంచి కోసుకున్నాడు.

తెల్లారాక ఆమె నన్ను అడిగింది: "రాత్రిదంతా రాసుకున్నారాండీ?" రాసుకున్నానన్నాను. "మరి మీరు నోరెత్తలేదేంటండీ? మీరు చదువుకున్నోళ్ళు, మీ మాటైతే వినేవోరు కదా." పరిశోధకులు తాము చూస్తున్నదాంట్లో జోక్యం చేసుకోకూడదని నాకు నేర్పారు. ఆ మాట ఆమెకు చెప్పడానికి సిగ్గేసింది. నా థీసిస్‌లో ఆ రాత్రికి రెండు పేజీలున్నాయి. నేను నోరెత్తలేదన్న వాక్యం మాత్రం అందులో లేదు. ఈరోజు మీ ముందు చెబుతున్నాను.

ఇక మీ పర్యటన సంగతి. ఊళ్ళను ఎవరు ముందు పిలిచారన్న వరసలో కాదు, దారి వరసలో పెట్టుకోండి. ఈ రాత్రి అమలాపురం, రేపు తుని, ఎల్లుండి మళ్ళీ రాజోలు అంటే నిద్ర మొత్తం రోడ్డు మీదే పోతుంది. మూడు రాత్రులకు ఒక రాత్రి ఖాళీ ఉంచండి. ఆ రోజు ఆదాయం పోతుంది కానీ గొంతు మిగులుతుంది. డ్రైవరు నిద్రపోయాడా లేదా అన్నది కూడా మీ బాధ్యతే. పగలంతా సామాను మోయించి అర్ధరాత్రి బండి నడపమంటే అది మీ ఎనిమిది మంది ప్రాణాలతో చెలగాటం. అతని మీద దోపిడీ కూడా. ఆ విషయంలో మీరే యజమానులు.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. బయానా ఎంత, మిగతాది ఎప్పుడు అన్నవి అందరూ రాస్తారు. మిగతాది వేదిక ఎక్కకముందే, పందిరి దగ్గరే ఇవ్వాలని మీరు రాయండి. తాళం వేసుకునే గది, మరుగుదొడ్డి, అందరికీ ఒకే పంక్తిలో భోజనం, ఇవన్నీ కూడా రాయండి. ముగింపు సమయం రాయండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. పోలీసు అనుమతి కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి. తాగి వచ్చి ఇంకో పాట, ఇంకో పాట అని పట్టుబట్టేవాళ్ళకు మీ ఇష్టాయిష్టాలకన్నా ఆ కాగితమే మంచి జవాబు.

కార్యక్రమం రద్దయితే ఏమిటన్నది కూడా రాయాలి. 2020లో లాక్‌డౌన్ ఉగాది రోజునే, మార్చి 25న మొదలైంది. శ్రీరామనవమి ఏప్రిల్ 2. పాటనే నమ్ముకున్నవాళ్ళకు సీజను మొదలవ్వాల్సిన సమయంలో అంతా ఆగిపోయింది. నాకు తెలిసిన గాయనులు బయానాలు తిరిగి కట్టడానికి చెవి కమ్మలు తాకట్టు పెట్టారు. రద్దయితే బయానాలో ఎంత భాగం మీకు ఉంటుందో ముందే తేల్చుకోండి.

మీ లోపలి లెక్కలు కూడా తెరిచి ఉంచండి. కీబోర్డు వాయించే ఆమెకు ఎంత, కోరస్ పాడే ఆమెకు ఎంత అన్నది బయల్దేరకముందే అందరి ఎదుటా తేలాలి. చంటిపిల్ల తల్లి ఒకరున్నారు మీలో. పిల్లను చూసుకునే మనిషి ఖర్చు ఆమె వాటాలోంచి కాదు, బృందం ఖర్చులోంచి పోవాలి. నెలసరి రోజుల్లో ఎవరి పాటలు ఎవరు పంచుకుంటారో కూడా సిగ్గుపడకుండా మాట్లాడుకోండి.

చివరిగా చట్టం. పనిచేసే చోట లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం, పని మీద వెళ్ళిన ప్రతి చోటునూ, యజమాని ఏర్పాటు చేసిన వాహనాన్నీ పనిస్థలంగానే చూస్తుంది. రోజుకూలి, తాత్కాలిక ఉద్యోగం అన్న తేడా లేదు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళాలి. మామూలుగా మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ నాలుగో రాత్రికి ఈ చట్టం లేదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి కానీ ఆ వ్యాన్‌లో వాటి గురించి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే మీరు వెళ్ళే ప్రతి జిల్లాలో ఆ కమిటీ ఎక్కడుందో ముందే కనుక్కొని, చిరునామా ఎనిమిది మందీ రాసిపెట్టుకోండి.

కాగితాలు అన్నిటినీ ఆపలేవు. ఒంటిగంట రాత్రి ఎవరో ఒకరిని విడదీసి పిలిచినప్పుడు ముందు పనికొచ్చేది పక్కనున్న మనిషి నోరు. 'అందరం కలిసి వచ్చాం, అందరం కలిసే వెళ్తాం' అన్నమాట ఎవరు అనాలో ఆ క్షణంలో వెతుక్కోకండి. ఎనిమిది మందీ అనాలని ఈరోజే అనుకోండి.

వెళ్ళిరండి. మీరు తిరిగి వచ్చాక పాటల సంగతి, ప్రయాణం సంగతి మీరు చెబుతుంటే వినాలని ఉంది.