డబ్బా పోయినా గొంతు పోవద్దు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కిన హక్కని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజును తలచుకొని మనం ఏటా కలుసుకుంటున్నాం. డీఏ బకాయిలు, వైద్య ఖర్చుల సంగతి నాకన్న ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం చూడటానికి చిన్నది. పాటల డబ్బా చెడిపోతే ఏం చేయాలి? టెలిఫోన్ శాఖలో ముప్పై ఏండ్లు లైన్లలో లోపాలు వెతికిన వాణ్ణి గనుక ఇది నాకు వచ్చింది.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో దుబాయికో, మస్కట్‌కో పిల్లలు పోని వాడ లేదు. 2001 అక్టోబరు 23న యాపిల్ కంపెనీ ఐపాడ్‌ను ప్రకటించింది. జేబులో వెయ్యి పాటలు అన్నారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో సెలవు మీద వచ్చే పిల్లలు తల్లిదండ్రులకు అట్లాంటివి తెచ్చిపెట్టారు. ఘంటసాల పాటలు, మన హనుమాజీపేటలో పుట్టిన సినారె పాటలు, అదే ఊరి మిద్దె రాములు ఒగ్గుకథ అందులో ఎక్కించారు. ఇంట్లో పాత క్యాసెట్ల మీద ఉన్న మనవాళ్ళ గొంతులు కూడా ఎక్కించి, క్యాసెట్లను పాత సామాను వానికి వేసినవారున్నారు. హార్డ్‌డిస్క్‌తో నడిచే ఐపాడ్ అమ్మకం 2014లో ఆగిపోయింది. కాబట్టి ఇవాళ ఎవరింట్లో ఉన్నా అది ముసలి యంత్రమే. మనకు పెన్షన్ అన్నా ఉంది, దానికి అదీ లేదు.

ముందు లోపల ఏముందో తెలుసుకుందాం. అందులో ఒక చిన్న పళ్ళెం ఉంటుంది, గ్రామఫోన్ ప్లేటు వంటిది. దానిమీద అయస్కాంతపు పూత. నిమిషానికి 4,200 చుట్లు తిరుగుతుంది. దాన్ని చదివే ముల్లు పళ్ళాన్ని తాకకుండా గాలి పొర మీద తేలుతుంది. ఆ సందు తల వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒక వంతు. తిరిగేటప్పుడు దెబ్బ తగిలితే ముల్లు పళ్ళాన్ని గీకుతుంది. గీకిన చోట పాట ఇక రాదు. 1956లో ఐబీఎం చేసిన మొదటి హార్డ్‌డిస్క్‌లో రెండడుగుల వెడల్పు పళ్ళాలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచింది సుమారు 5 మెగాబైట్లు, అంటే మన లెక్కన ఒక్క పాట. అంతటిదాన్ని అగ్గిపెట్టెకన్న కొంచెం పెద్ద డబ్బాలోకి కుదించారు. అందుకే అంత సున్నితం.

ఇక మన సభ్యులొకరి సంగతి చెబుతాను. కోరుట్లలో ఉంటారు, పేరు వద్దన్నారు. వారి భార్య గతించి ఆరేండ్లు. ఆమె పాడిన బతుకమ్మ పాటలు, మనవరాలికి పాడిన జోలపాట ఆ డబ్బాలో తప్ప మరెక్కడా లేవు. మొన్న శ్రావణంలో పాట మధ్యలో ఆగి వేరే పాటకు దూకడం మొదలైంది. ఒక దుకాణానికి పోతే అక్కడి అబ్బాయి, "రిస్టోర్ కొడ్త సార్, కొత్తదైతది" అన్నాడట. వారి అదృష్టం, అంతలో కరెంటు పోయింది. ఇంటికి వచ్చి నాకు ఫోన్ చేశారు. రిస్టోర్ అంటే లోపలున్నదంతా తుడిచివేయడం. యంత్రం బాగవుతుందేమో గాని పాటలు ఉండవు.

ఇంజనీరింగ్ చదివే మా మనవణ్ణి వెంటబెట్టుకొని పోయాను. మేం చేసిన వరుస ఇది.

మొదట బ్యాటరీ. బ్యాటరీ బలం తగ్గితే పళ్ళెం సరిగా తిరగదు, రోగం డిస్క్‌ది లాగే కనిపిస్తుంది. వేరే వైరుతో నిండా చార్జి చేశాం. తేడా రాలేదు.

రెండోది, ఒకే పాట ఒకే చోట ఆగుతున్నదా, వేర్వేరు పాటలు ఆగుతున్నాయా? ఒక్క పాటే అయితే ఆ ఫైలే పాడై ఉండవచ్చు. ఇక్కడ చాలా పాటలు ఆగుతున్నాయి. ఈ యంత్రం డిస్క్ నుంచి కొంత ముందే చదివి మెమరీలో పెట్టుకొని, పళ్ళాన్ని ఆపేస్తుంది. అందుకే కాసేపు బాగా పాడి, మళ్ళీ చదవవలసి వచ్చినప్పుడు ఆగుతుంది. "ఇప్పుడు బాగనే ఉన్నది గద" అని మోసపోవద్దు.

మూడోది, చెవి దగ్గర పెట్టుకొని వినడం. సన్నని గుయ్‌మనే చప్పుడు మామూలే. ఆగకుండా టక్, టక్ అని కొట్టుకుంటే ముల్లు దారి దొరకక వెతుకుతున్నదని అర్థం. మాకు అప్పుడప్పుడు టక్ వినిపించింది.

నాలుగోది, ఐపాడ్ క్లాసిక్‌లో ఒక పరీక్ష ఉంది. మెనూ మీట, నడిమి మీట కలిపి నొక్కితే యాపిల్ గుర్తు వస్తుంది. వెంటనే నడిమి మీట, వెనక్కి మీట కలిపి నొక్కి పట్టుకోవాలి. అందులో హార్డ్‌డ్రైవ్ స్మార్ట్ డేటా అనే పట్టిక ఉంటుంది. రీఅలాక్స్, పెండింగ్ సెక్టార్స్ అనే రెండు లెక్కలు చూడండి. సున్నాలుంటే నెమ్మది. అంకెలు పెరుగుతుంటే పళ్ళెం చెడుతున్నది. పెండింగ్ మన పెన్షన్ కాగితాలకే కాదు, డిస్క్‌లకూ ఉంటుంది!

రోగం ఖాయమైంది. అప్పుడు మరమ్మత్తు జోలికి పోలేదు. ముందు లోపలివి బయటికి తీయాలి. కంప్యూటర్‌కు కలిపినప్పుడు "ఫార్మాట్ చేయనా" అని గాని, "ఉన్నవి తుడిచి సింక్ చేయనా" అని గాని అడిగితే వద్దనండి. పాటలు ఐపాడ్ కంట్రోల్ అనే దాచిన ఫోల్డరులో ఉంటాయి. దాచిన ఫైళ్ళు చూపించమని కంప్యూటర్‌కు చెప్పాలి. ఫైళ్ళ పేర్లు అర్థం లేని నాలుగక్షరాలు, కంగారు పడవద్దు. పాట పేరు ఫైలు లోపల ఉంటుంది.

సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. కాబట్టి మొదట ఆమె పాటలు వెతికి తీశాం. బతుకమ్మ పాటలన్నీ వచ్చాయి. జోలపాట దగ్గర ఆగింది. మిగతావి తీసుకొని, డబ్బాను చల్లారనిచ్చి, మర్నాడు మావాడు డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టాడు. అది చదవగలిగినంత చదివి, రాని చోట ఖాళీ వదిలి ముందుకు పోతుంది. జోలపాట సగం వచ్చింది. చివరి భాగం రాలేదు. ఆయన విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇదన్న మిగిలింది, పిల్లకు వినిపిస్త" అన్నారు.

చేయకూడనివి కొన్ని. కొట్టి చూడవద్దు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని కొందరంటారు, లోపల చెమ్మ చేరుతుంది, వద్దు. టక్‌టక్ ఆగకపోతే మళ్ళీ మళ్ళీ ఆన్ చేయవద్దు. అది నిపుణుల పని, ఖర్చు వేలల్లో ఉంటుంది. విలువైన గొంతు ఉంటేనే పెట్టండి. ఆ యంత్రాన్ని 35 డిగ్రీల లోపు వాడమని కంపెనీయే రాసింది. మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. బండి డిక్కీలో వదలవద్దు. సిరిసిల్లలో సాంచాల మీద పెట్టి పాటలు వినే అలవాటుంటే మానుకోండి, ఆ అదురు దానికి పడదు. పాటలు బయటికి తీశాక డిస్క్ స్థానంలో మెమరీ కార్డు వేయించుకోవచ్చు, అందులో తిరిగే భాగం ఉండదు. అయితే కార్డు కూడా ఒకనాడు పోయేదే.

అందుకని ఒక్క మనవి. ఇంటి గొంతులు మూడు చోట్ల ఉంచండి. ఒకటి ఇంట్లో కంప్యూటర్‌లో, ఒకటి వేరే డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న కొడుకు దగ్గరో బిడ్డ దగ్గరో. ఎవరి గొంతు, ఏ సంవత్సరం, ఏ సందర్భం అన్నది కాగితం మీద రాసి పెట్టండి. మనం పోయాక పిల్లలకు ఆ గొంతు ఎవరిదో తెలియాలి కదా. మనం బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. ఇచ్చిన రోజే ఇంటికి పోయి ఆ డబ్బా కూడా ఆన్ చేసి, బతికి ఉన్నదో లేదో చూడండి.

 డబ్బాలు వెంట తెచ్చినవారు భోజనాల తర్వాత నన్నూ, మా మనవణ్ణీ కలవండి. సెలవు.