ఇటార్సీ స్టేషన్లో ఒక రాత్రి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



రైలు ప్రయాణం కథ లేని ఫౌజీ మనలో ఉండడు. నాది 1991 డిసెంబరు నాటిది. అప్పుడు పఠాన్‌కోట్‌లో ఉన్నాను. ‘ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అని టెలిగ్రాం వచ్చింది. ఆ పూటే సెలవు ఇచ్చారు. ఢిల్లీలో రిజర్వేషన్ దొరక్క, మద్రాసు వైపు వెళ్ళే బండిలో జనరల్ బోగీ ఎక్కాను.

రాత్రి ఇటార్సీలో, సీటు పోకుండా కోటు పరిచి, నీళ్ళకని దిగాను. కుళాయి దగ్గర తోపులాట. సీసా నిండేసరికి బండి కదిలింది. పరుగెత్తాను గానీ, వాకిట్లో వేలాడే జనం మధ్య కాలు మోపే చోటు లేదు. డబ్బు, టికెట్టు, ఐ-కార్డు కోటు జేబులోనే ఉండిపోయాయి. ఐ-కార్డు పోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. కానీ ఆ నిమిషాన నాకు నాన్నగారే కళ్ళ ముందున్నారు.

ఎర్ర చొక్కా వేసుకున్న ఒక ముసలి కూలీ వచ్చి, ‘ఏమైంది బేటా?’ అన్నాడు. చెప్పాను. ఫౌజీనన్నాను. రుజువు చూపించడానికి ఏమీ లేదని కూడా చెప్పాను.

‘ఫౌజీ అయితేనేం, కాకపోతేనేం, ఇంటికి చేరాలి కదా’ అన్నాడు.

నన్ను స్టేషన్ మాస్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళి నాగపూర్‌కి ఫోన్ చేయించాడు. టీ తాగించాడు. తన కంబళి నాకు కప్పాడు. నాగపూర్ దాకా టికెట్టు కొని, తర్వాతి బండి ఎక్కించి, చేతిలో ఇరవై రూపాయలు పెట్టాడు. వాచీ తీసి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేశాడు. కంబళి తిరిగి ఇవ్వబోతే, ‘చలిగా ఉంది, ఉంచుకో’ అన్నాడు.

నాగపూర్‌లో రైల్వే పోలీసుల దగ్గర నా ట్రంకు పెట్టె, కోటు దొరికాయి. ఇల్లు చేరాను. నాన్నగారు నన్ను గుర్తుపట్టారు. మర్నాడు తెల్లవారుజామున పోయారు.

పెద్దకర్మ అయ్యాక మా అమ్మ ఆ కంబళి ఉతికి మడతపెడుతూ, ‘ఎవరిదిరా ఇది?’ అంది. చెప్పాను. ‘పేరైనా అడగలేదా?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

తిరుగు ప్రయాణంలో ఇటార్సీలో దిగి వెతికాను. ఆనవాళ్ళు చెబితే, ఊరికి వెళ్ళాడని తోటి కూలీలు అన్నారు. కంబళి, డబ్బు వాళ్ళకి అప్పగించాను. అవి ఆయనకు చేరాయో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

మిత్రులారా, ఇంకొక మాట చెప్పకపోతే ఈ కథ సగమే చెప్పినట్టు. అంతకు ముందు మిలిటరీ డబ్బాలో తలుపు గడియ పెట్టుకుని, బయట బాదుతున్నవాళ్ళ గొంతులు వింటూ పడుకున్న రాత్రులు నాకూ ఉన్నాయి. రూలు ప్రకారం అది తప్పు కాదు. కానీ వాళ్ళలో తండ్రి చావుబతుకుల్లో ఉన్నవాడు ఎవడైనా ఉన్నాడేమో నేను ఒక్కసారీ అడగలేదు. ఇటార్సీలో ఆ ముసలాయన నన్ను అడిగాడు.

యూనిఫాం చూసి మనకు దండం పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన చూసింది యూనిఫాం కాదు. తమ్ముళ్ళూ, ప్లాట్‌ఫాం మీద ఎవరైనా దిక్కుతోచక నిలబడితే ముందు ‘ఏమైంది?’ అని అడగండి. తర్వాత పేరు కూడా అడగండి.

జై హింద్.